కార్ల కంపెనీ రేసింగ్‌లో ఎంత లోతుగా ఉందో అంచనా వేయడం ఎలా?

ఆల్ఫా రోమియో పేరు ఫార్ములా వన్ చరిత్రలో వేర్వేరు కాలాల్లో కనిపిస్తుంది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైన 1950లో జుసెప్పే ఫరీనా, మరుసటి ఏడాది హువాన్ మాన్యుయెల్ ఫాంజియో టైటిల్ గెలిచింది ఆ కంపెనీ సొంత ఇంజినీర్లు తయారుచేసిన కార్లతోనే. మళ్లీ 2019 నుంచి 2023 వరకు అదే పేరుతో ఒక జట్టు పోటీపడింది. అయితే ఆ కార్లను రూపొందించినదీ నడిపినదీ స్విట్జర్లాండ్‌లోని హిన్‌విల్‌లో ఉన్న సాబర్ సంస్థ. వాటిలో ఉన్న ఇంజిన్ ఫెరారీది. చూసేవారికి రెండు సందర్భాల్లోనూ కనిపించేది ఒకే పేరు, ఒకే చిహ్నం. కానీ మొదటి సందర్భంలో కంపెనీ తన పరువునూ పనితనాన్నీ పందెంలో పెట్టింది, రెండవ సందర్భంలో ప్రధానంగా తన పేరును పెట్టింది.

ఈ తేడాను ఎవరికి వారే పట్టుకోగలగాలన్నది ఈ మార్గదర్శిని ఉద్దేశం. రేసులు చూసేవారికి, వాటి గురించి రాసేవారికి, రేసింగ్ వారసత్వం అంటూ వచ్చే ప్రకటనలు చూసి కారు కొనాలనుకునేవారికి కూడా ఇది ఉపయోగపడుతుంది. ప్రతి అడుగులోనూ అడగవలసిన ప్రశ్న ఒకటే ఉందని నా నమ్మకం: కారు ఓడిపోయిన మరునాడు లోపాన్ని వెతికి సరిచేయవలసిన బాధ్యత ఎవరి ఇంజినీర్ల మీద పడుతుంది? ఆ ఇంజినీర్లు కంపెనీవారే అయితే ఆ కంపెనీ రేసింగ్‌లో నిజంగా ఉన్నట్టు. వేరేవారైతే ఎంతవరకు ఉందో ఇంకా తేల్చవలసి ఉన్నట్టు.

ఏ భాగం ఎవరు తయారుచేశారు?

ఫార్ములా వన్‌లో దీనికి ఒక సులభమైన ఆధారం ఉంది. ఫలితాల పట్టికలో కారు పేరు సాధారణంగా రెండు ముక్కలుగా ఉంటుంది. ముందున్నది ఛాసిస్ (ఇంజిన్ తప్ప మిగతా కారు నిర్మాణం) తయారుచేసినవారి పేరు, వెనుకున్నది ఇంజిన్ తయారుచేసినవారి పేరు. మెక్‌లారెన్-మెర్సిడెస్ అని ఉంటే కారు మెక్‌లారెన్‌ది, ఇంజిన్ మెర్సిడెస్‌ది అని అర్థం. జట్లకు దక్కే కన్‌స్ట్రక్టర్స్ టైటిళ్లను 2024, 2025లో మెక్‌లారెన్ గెలిచినప్పుడు ఇంజిన్ మెర్సిడెస్‌దే అయినా, మెర్సిడెస్ సొంత జట్టు మాత్రం ఆ రెండేళ్లూ ఓడిపోయిన పక్షంలోనే ఉంది. ఇంజిన్‌లో లోపం లేదని, తేడా కారు రూపకల్పనలో ఉందని చెప్పడానికి అంతకన్నా స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు.

అయితే రెండవ పేరును కళ్లు మూసుకుని నమ్మకూడదు. 2016 నుంచి 2018 వరకు రెడ్ బుల్ కార్లలోని ఇంజిన్ మీద ఒక గడియారాల కంపెనీ పేరు ఉండేది. ఆ ఇంజిన్‌ను తయారుచేసింది మాత్రం రెనో. అంతకు చాలా ముందు, 1967లో జాండ్‌వోర్ట్‌లో జిమ్ క్లార్క్ లోటస్ 49తో గెలిచినప్పుడు వెలుగులోకి వచ్చిన డీఎఫ్‌వీ ఇంజిన్ మీద ఫోర్డ్ పేరు ఉండేది. దాన్ని రూపొందించింది కాస్వర్త్ సంస్థలోని కీత్ డక్‌వర్త్. ఫోర్డ్ సమకూర్చింది 1,00,000 పౌండ్ల పెట్టుబడి. ఆ ఇంజిన్ మొత్తం 155 ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసులు గెలిచింది. ఫోర్డ్ పాత్రను తక్కువ చేయవలసిన పని లేదు, ఎందుకంటే ఆ డబ్బు లేకపోతే ఆ ఇంజిన్ పుట్టేది కాదు. కానీ పెట్టుబడి పెట్టడం, రూపొందించడం రెండూ వేర్వేరు పనులు. మీ అంచనాలో ఆ రెంటినీ వేర్వేరు గడుల్లో రాసుకోవాలి.

ఛాసిస్, ఇంజిన్ రెండూ తానే తయారుచేసి, తన జట్టుతోనే నడిపే కంపెనీని వర్క్స్ టీమ్ అంటారు. 1950 నుంచి ప్రతి సీజన్‌లోనూ పాల్గొన్న ఒకే ఒక జట్టు ఫెరారీ ఇందుకు అన్నిటికన్నా స్వచ్ఛమైన ఉదాహరణ. మరానెల్లోలో రేసు కారు, దాని ఇంజిన్ ఒకే ఆవరణలో తయారవుతాయి. మెర్సిడెస్ కూడా వర్క్స్ జట్టే, కానీ దాని కారు ఇంగ్లండ్‌లోని బ్రాక్లీలో, ఇంజిన్ బ్రిక్స్‌వర్త్‌లో తయారవుతాయి. కంపెనీ ప్రధాన కార్యాలయం మాత్రం జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో ఉంది. కాబట్టి పని ఏ దేశంలో జరుగుతోందన్నది కొలమానం కాదు. ఆ భవనాలు ఎవరి అధీనంలో ఉన్నాయి, ఆ ఉద్యోగులను నియమించేది ఎవరు, రూపకల్పన హక్కులు ఎవరివి అన్నవే చూడాలి.

కారును కంపెనీ తయారుచేసి, రేసుల్లో నడిపే పనిని మరో సంస్థకు అప్పగించే పద్ధతి కూడా ఉంది. మామూలు రోడ్ల మీద, మట్టి దారుల్లో కాలంతో పోటీపడే ర్యాలీల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో సుబారు ఇంప్రెజా కార్లను ప్రోడ్రైవ్ సంస్థ నడిపింది; 1995లో కోలిన్ మెక్‌రే ఛాంపియన్ అయింది ఆ ఏర్పాటులోనే. ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ 24 గంటల పోటీలో 2023, 2024, 2025 సంవత్సరాల్లో వరుసగా గెలిచిన ఫెరారీ 499పీ కార్లను నడిపింది ఏఎఫ్ కోర్సే జట్టు. ఇలాంటి ఏర్పాటును చూసి కంపెనీ నామమాత్రంగా ఉందని తేల్చేయడం పొరపాటు. ఇరవై నాలుగు గంటల పోటీలో టైర్లు మార్చడం, ఇంధనం లెక్కలు వేయడం, రాత్రివేళ విరిగిన భాగాన్ని నిమిషాల్లో బిగించడం దశాబ్దాల అనుభవంతో గానీ అబ్బని విద్య. ఆ విద్య ఉన్నవారిని పిలవడం వివేకమే. ఇక్కడ అడగవలసింది వేరు: కారులో సమస్య వస్తే దాని డ్రాయింగ్ మార్చే అధికారం ఎవరికి ఉంది? 499పీ విషయంలో ఆ అధికారం ఫెరారీదే. సుబారు విషయంలో ఇంజినీరింగ్ పనిలో కూడా ప్రోడ్రైవ్‌కు పెద్ద భాగం ఉంది. పైకి ఒకేలా కనిపించే ఈ రెండు ఏర్పాట్ల మధ్య అదీ తేడా.

ఇక కస్టమర్ రేసింగ్. పోర్షే తన 911 జీటీ3 ఆర్ కారును తయారుచేసి జట్లకు అమ్ముతుంది. కొన్నవారు తమ ఖర్చుతో పోటీపడతారు, కంపెనీ విడిభాగాలనూ సాంకేతిక సహాయాన్నీ అందిస్తుంది. ఇతర పెద్ద కంపెనీలు కూడా జీటీ3 (రోడ్డు స్పోర్ట్స్ కార్ల ఆధారంగా చేసిన రేసు కార్ల) తరగతిలో ఇదే చేస్తున్నాయి. ఇది వ్యాపారం, అందులో దాచవలసింది ఏమీ లేదు. ఒక కారు పదుల కొద్దీ జట్ల చేతుల్లో, వేర్వేరు స్థాయి డ్రైవర్లతో, ఏళ్ల తరబడి నిలబడిందంటే దాని మన్నిక గురించి అది చెప్పే మాటకు బరువు ఉంటుంది. కానీ పెద్ద పోటీలకు కంపెనీ తన జీతం మీద ఉన్న డ్రైవర్లనూ ఇంజినీర్లనూ ఎంపిక చేసిన కస్టమర్ జట్లకు పంపిస్తుంది. అందువల్ల ఫలితం చూసే ముందు ఎంట్రీ లిస్టులో డ్రైవర్ల పేర్లు చదవాలి. ఒక కారును వంతులవారీగా నడిపే ముగ్గురూ కంపెనీ డ్రైవర్లే అయితే, జట్టు పేరు ఏదైనా, దాన్ని కంపెనీ ప్రయత్నంగానే లెక్కించాలి.

నిబంధనలు కంపెనీకి ఎంత చోటిచ్చాయి?

కంపెనీ ఎంత తయారుచేసిందో తెలిశాక, ఎంత తయారుచేయడానికి దానికి అనుమతి ఉందో చూడాలి. ఈ మెట్టును దాటవేసేవారే ఎక్కువ, కానీ దీనివల్లే చాలా అపోహలు తొలగుతాయి.

లె మాన్స్‌లో ఇప్పుడు అగ్రశ్రేణిగా ఉన్న హైపర్‌కార్ విభాగంలో రెండు రకాల కార్లు ఒకే ట్రోఫీ కోసం పోటీపడతాయి. ఎల్ఎంహెచ్ పద్ధతిలో కంపెనీ దాదాపు మొత్తం కారును తానే రూపొందించుకోవచ్చు. టొయోటా, ఫెరారీ ఆ దారి ఎంచుకున్నాయి. ఎల్ఎండీహెచ్ పద్ధతిలో ఛాసిస్‌ను డల్లారా, లిజియే, మల్టీమాటిక్, ఒరెకా అనే నలుగురు తయారీదారులలో ఒకరి నుంచి తీసుకోవాలి. హైబ్రిడ్ మోటారు, బ్యాటరీ, గేర్‌బాక్స్ అందరికీ ఉమ్మడివే. కంపెనీ చేతిలో ఉండేది పెట్రోలు ఇంజిన్, బాడీ ఆకృతి, వీటన్నిటినీ కలిపి నడిపించే సాఫ్ట్‌వేర్. బీఎండబ్ల్యూ, క్యాడిలాక్ డల్లారా ఛాసిస్‌తో, పోర్షే 963 మల్టీమాటిక్ ఛాసిస్‌తో ఈ దారిలో వచ్చాయి. రెండవ దారికి ఖర్చు బాగా తక్కువ, కంపెనీలు ఎక్కువగా రావడానికి కారణం కూడా అదే. దాన్ని నేను తక్కువగా చూడను. అయితే ఎల్ఎండీహెచ్ కారుతో గెలిచిన కంపెనీ తన హైబ్రిడ్ సాంకేతికత గురించి గొప్పగా ప్రకటిస్తే, ఆ మోటారు ఇతర ఎల్ఎండీహెచ్ కార్లలోనూ ఉన్నదేనని గుర్తుంచుకోవాలి.

విద్యుత్ కార్ల పోటీ అయిన ఫార్ములా ఈలో ఛాసిస్, బ్యాటరీ అందరికీ ఒకటే. కంపెనీలు వెనుక చక్రాలను తిప్పే మోటారు, బ్యాటరీ విద్యుత్తును మోటారుకు తగినట్టు మార్చే ఇన్వర్టర్, గేర్‌బాక్స్, వీటిని శాసించే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేస్తాయి. 2014లో మొదలైన తొలి సీజన్ నుంచీ ఉన్న మహీంద్రా పని చాలావరకు ఈ భాగాల్లోనే ఉంది. రేసు పొడవునా పూర్తి వేగంతో వెళ్లేంత శక్తి బ్యాటరీలో ఉండదు కాబట్టి, బ్రేకు వేసినప్పుడు ఎంత శక్తిని తిరిగి రాబట్టగలిగారు, వృథాను ఎంత తగ్గించారు అన్నవే గెలుపోటములను నిర్ణయిస్తాయి. బయటికి కనిపించే కారులో తేడా ఏమీ ఉండదు; తేడా అంతా కనిపించని చోట ఉంటుంది. కాబట్టి ఈ పోటీని చూసి, కార్లన్నీ ఒకటే కదా, ఇందులో కంపెనీల గొప్ప ఏముందని అనడం న్యాయం కాదు.

అమెరికాలోని నాస్కార్ కార్ల పోటీలు మరో కొస. 2022లో ప్రవేశపెట్టిన కారులో ఛాసిస్‌తో పాటు అనేక భాగాలు ఒకే సరఫరాదారు నుంచి అన్ని జట్లకూ వస్తాయి. అక్కడ పోటీపడే టొయోటా క్యామ్రీలో వీ8 ఇంజిన్ ఉంటుంది, శక్తి వెనుక చక్రాలకు వెళుతుంది; షోరూములో ఉండే క్యామ్రీకి, దానికి పేరు, ముఖం పోలిక తప్ప యాంత్రిక సంబంధం లేదు.

జీటీ3, హైపర్‌కార్ విభాగాల్లో ఇంకో అంశం ఉంది. బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్ అనే పద్ధతిలో నిర్వాహకులు వేర్వేరు కార్ల బరువు, ఇంజిన్ శక్తి వంటివాటిని సర్దుబాటు చేసి వాటి వేగాన్ని దగ్గరకు తెస్తారు. వేగంగా ఉన్న కారుకు బరువు కలుస్తుంది, వెనుకబడిన కారుకు కొంత వెసులుబాటు దొరుకుతుంది. ఇది లేకపోతే ముందు ఇంజిన్ ఉన్న పెద్ద కారు, వెనుక ఇంజిన్ ఉన్న చిన్న కారు ఒకే తరగతిలో పోటీపడడం సాధ్యం కాదు. కానీ దీని ఫలితంగా, ఈ తరగతుల్లో గెలుపు ఆ కారు అన్నిటికన్నా వేగవంతమైనదని రుజువు చేయదు. రుజువయ్యేది చెడిపోకుండా నిలవడం, టైర్లను కాపాడుకోవడం, జట్టు తప్పులు చేయకపోవడం. ఆ గుణాలు విలువైనవే, అయితే ప్రకటనలో వేగం అని రాసి ఉంటే దాన్ని మన్నిక అని చదువుకోవాలి.

రోడ్డు కారును రేసు కోరినప్పుడు

రేసుకు అర్హత కోసం నిర్ణీత సంఖ్యలో కార్లను తయారుచేసి చూపించాలనే నియమాన్ని హోమోలగేషన్ అంటారు. కంపెనీ రేసింగ్ నిబద్ధతను కొలవడానికి ఇంతకన్నా మంచి సాధనం చరిత్రలో మరొకటి లేదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ కంపెనీ తన కర్మాగారాన్నే రేసు కోసం మలుచుకోవలసి వస్తుంది. 1969లో పోర్షే తన 917 కార్లను 25 తయారుచేసి తనిఖీ అధికారుల ముందు వరుసగా నిలబెట్టింది. ఆ మరుసటి ఏడాదే లె మాన్స్‌లో అన్ని తరగతుల కార్లనూ ఓడించి తన మొదటి విజయాన్ని ఆ కారుతో సాధించింది. 1980లలో ర్యాలీల్లోని గ్రూప్ ఏ తరగతికి ఏడాదిలో 5,000 కార్లు తయారుచేయాలి. బీఎండబ్ల్యూ తొలి ఎం3 పుట్టింది ఆ గ్రూప్ ఏ నియమాల కింద జరిగే టూరింగ్ కార్ పోటీల కోసమే. ఉబ్బిన చక్రాల తొడుగులు, భిన్నమైన వెనుక అద్దం కోణం, నాలుగు సిలిండర్ల ఇంజిన్, అన్నీ రేసు కోరినవే. అదే తరగతిలో లాన్సియా డెల్టా 1987 నుంచి 1992 వరకు వరుసగా ఆరు తయారీదారుల టైటిళ్లు గెలిచింది.

ఇదే సాధనం ఎంత ప్రమాదకరం కాగలదో గ్రూప్ బీ చూపించింది. ఆ తరగతికి 200 కార్లు చాలు. అంత తక్కువ సంఖ్య కావడంతో కంపెనీలు రోడ్డు కారు అనే నెపం వదిలేసి, ర్యాలీ కోసమే పుట్టిన అతివేగపు యంత్రాలను తయారుచేశాయి. 1986లో పోర్చుగల్ ర్యాలీలో కారు జనంలోకి దూసుకెళ్లి ప్రేక్షకులు చనిపోయారు. అదే ఏడాది మే నెలలో కోర్సికాలో హెన్రీ టోయివోనెన్, ఆయన సహచరుడు సెర్జియో క్రెస్టో తమ లాన్సియా ప్రమాదానికి గురై మంటల్లో కాలిపోవడంతో చనిపోయారు. ఏడాది చివరికి గ్రూప్ బీ నిషేధానికి గురైంది. ఆ కార్లను చూసి ముచ్చటపడేవారు ఇప్పటికీ ఎందరో ఉన్నారు, అందులో నాకూ భాగం ఉంది. కానీ ఏ కంపెనీ చరిత్ర చదివినా గెలుపుల జాబితా పక్కనే ఈ పేర్లనూ చదవాలి. వేగం కోసం కంపెనీలు తీసుకున్న నిర్ణయాల ఖరీదు మనుషులు చెల్లించారు.

ఇటీవలి కాలంలో ఈ సంప్రదాయానికి దగ్గరగా వచ్చిన కారు టొయోటా జీఆర్ యారిస్. 2020లో వచ్చిన ఈ కారు పేరుకు యారిస్ అయినా, మామూలు యారిస్‌కు ఐదు తలుపులు ఉంటే దీనికి మూడే. పైకప్పు వెనక్కి వాలి ఉంటుంది, వెనుక నేలభాగం పెద్ద కారుదైన కరోలా నుంచి వచ్చింది, మూడు సిలిండర్ల 1.6 లీటర్ టర్బో ఇంజిన్‌తో శక్తి నాలుగు చక్రాలకూ వెళుతుంది. ర్యాలీ కారుకు మంచి పునాది కావాలనే అవసరం నుంచే ఈ మార్పులు వచ్చాయి. అయితే 2022 నుంచి ర్యాలీల అగ్రశ్రేణి కార్లను గొట్టాల చట్రంతో నిర్మించడానికి అనుమతి వచ్చింది. రోడ్డు కారు శరీరం మీద ఆధారపడవలసిన అవసరం అక్కడ తగ్గిపోయింది. కాబట్టి ఈరోజు ఒక కారును ర్యాలీ కారు తోబుట్టువుగా పరిచయం చేస్తే, ఏ తరగతి ర్యాలీ, ఏ సంవత్సరపు నియమాలు అని అడగడం అవసరం.

రేసు నుంచి రోడ్డుకు ఏం వచ్చింది?

రేసు సాంకేతికతే మా కార్లలోకి వస్తుంది అన్న మాట ప్రతి కంపెనీ చెబుతుంది. దాన్ని పరీక్షించడానికి మూడు వివరాలు చాలు: ఏ భాగం, ఏ రేసు కారులో ఎప్పుడు, ఏ రోడ్డు కారులో ఎప్పుడు. ఈ మూడూ దొరికితే మాట నిలబడుతుంది. జాగ్వార్ 1953లో డిస్క్ బ్రేకులున్న సీ-టైప్‌తో లె మాన్స్ గెలిచింది, 1957లో వచ్చిన ఎక్స్‌కే150 రోడ్డు కారులో ఆ బ్రేకులు అందించింది. పోర్షే 1980లలో తన 962 రేసు కార్లలో రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్‌ను పరీక్షించింది. కానీ అది 911లోకి రావడానికి 2008 దాకా పట్టింది. ఈ మధ్యకాలం మనకు ఒక విషయం నేర్పుతుంది. రేసులో ఒక ఆలోచన పనిచేస్తుందని తేలడం వేరు, అది లక్ష కిలోమీటర్లు మరమ్మతు లేకుండా, నిశ్శబ్దంగా, అందుబాటు ఖర్చులో పనిచేయడం వేరు. రెండవ దానికే ఎక్కువ సంవత్సరాలు పడతాయి.

ప్రవాహం ఎప్పుడూ ఒకే దిక్కున ఉండదు కూడా. ఆడి క్వాట్రో 1980లో ముందు రోడ్డు కారుగా వచ్చింది, మరుసటి ఏడాది ప్రపంచ ర్యాలీల్లోకి దిగింది. 1981 సాన్‌రెమో ర్యాలీలో మిషెల్ మూటన్ ఆ కారుతోనే గెలిచింది. నాలుగు చక్రాల డ్రైవ్ ర్యాలీల నుంచి రోడ్డుకు వచ్చిందని అనుకునేవారు ఉన్నారు. ఆడి విషయంలో జరిగింది దానికి తలకిందులు. రేసు చేసింది, ఆ ఆలోచన విలువను ప్రపంచానికి నిరూపించడం.

రేసు ఇంజిన్‌ను నేరుగా రోడ్డు కారులో పెడితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే మెర్సిడెస్-ఏఎంజీ వన్ చరిత్ర చూడాలి. ఫార్ములా వన్ 1.6 లీటర్ హైబ్రిడ్ ఇంజిన్‌ను అందులో అమర్చారు. కారు కదలకుండా ఉన్నప్పుడు రేసు ఇంజిన్ తిరిగే వేగం మామూలు కార్ల ఇంజిన్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని సుమారు 1,200 ఆర్‌పీఎం‌కు తగ్గిస్తూనే కాలుష్య నియమాలకు లోబడేలా చేయడానికి కంపెనీకి చాలా కష్టమైంది, కారు డెలివరీలు ఏళ్ల తరబడి ఆలస్యమయ్యాయి. అదే ఇంజిన్ల వంశంలో, 2017లో బ్రిక్స్‌వర్త్‌లో ఇంజిన్లను పరీక్షించే టెస్ట్ బెంచ్ మీద ఇంధనంలోని శక్తిలో సగానికి పైగా ఉపయోగపడే పనిగా మారిందని మెర్సిడెస్ ప్రకటించింది. రోడ్డు కారుకు ఇంజిన్ కన్నా ఆ ఫలితం వెనుక ఉన్న దహన పరిజ్ఞానమే ఎక్కువ పనికివస్తుంది. భాగాలు బదిలీ కావడం అరుదు. పరిజ్ఞానం, దాన్ని మోసే మనుషులు బదిలీ కావడం తరచుగా జరుగుతుంది. హోండా తన యువ ఇంజినీర్లను రేసింగ్ విభాగానికి పంపి, వారిని మళ్లీ రోడ్డు కార్ల విభాగాలకు తీసుకోవడాన్ని శిక్షణగానే భావించింది. వారానికో రెండు వారాలకో గడువు, ఓడితే అందరి ముందు ఓటమి అనే పరిస్థితిలో పనిచేసినవారు నేర్చుకునేది మరోచోట దొరకడం కష్టం.

రాకపోకలను చదవడం

కంపెనీ ఎందుకు వచ్చిందో తెలియాలంటే నియమాలు మారిన సంవత్సరాలు చూడాలి. ఎందుకు వెళ్లిపోయిందో తెలియాలంటే కంపెనీ ఆర్థిక పరిస్థితినీ దాని మార్కెట్‌నూ చూడాలి. 2008 ఆర్థిక సంక్షోభంలో హోండా ఫార్ములా వన్ నుంచి, సుబారు ప్రపంచ ర్యాలీల నుంచి తప్పుకున్నాయి. మరుసటి ఏడాది బీఎండబ్ల్యూ, టొయోటా కూడా ఫార్ములా వన్ వదిలాయి. ఆడి మాతృసంస్థ డీజిల్ కాలుష్య కుంభకోణంలో చిక్కుకున్న తర్వాత, 2016లో లె మాన్స్‌కు వీడ్కోలు చెప్పింది. 2006లో మొదటిసారి డీజిల్ ఇంజిన్‌తో ఆ పోటీని గెలిచింది కూడా ఆడియే. కొన్ని నిష్క్రమణలు విషాదం వెన్నంటి వచ్చాయి. 1955 జూన్ 11న లె మాన్స్‌లో పియర్ లెవెగ్ నడుపుతున్న మెర్సిడెస్ కారు ప్రేక్షకుల మీద పడి ఆయనతో పాటు 80 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది చివర మెర్సిడెస్ రేసింగ్ మానుకుంది, ఫార్ములా వన్‌లోకి సొంత జట్టుతో తిరిగి రావడానికి 2010 దాకా పట్టింది.

హోండా 2008 నిర్ణయాన్ని ప్రత్యేకంగా గమనించాలి. కొత్త నియమాల కోసం కంపెనీ డబ్బుతో, కంపెనీ ఉద్యోగులతో మరుసటి ఏడాది కారు అప్పటికే సిద్ధమవుతోంది. హోండా వదిలేసిన జట్టును దాని అధిపతి రాస్ బ్రాన్ తీసుకున్నారు, మెర్సిడెస్ ఇంజిన్ అమర్చారు, 2009లో డ్రైవర్ల టైటిల్, కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ రెండూ గెలిచారు. రేసు విభాగంలో ఎంత మంచి పని జరుగుతున్నా, తుది నిర్ణయం బోర్డు గదిలో ఉంటుంది. అందుకే ప్రకటనల్లో దీర్ఘకాలిక నిబద్ధత అనే మాట కన్నా, కంపెనీ కొత్త టెస్ట్ బెంచ్‌లు కట్టిందా, శాశ్వత ఉద్యోగులను తీసుకుందా, వచ్చే నియమావళి కాలానికి ఒప్పందం చేసుకుందా అన్నవి చూడాలి. వెళ్లిపోయేటప్పుడు కూడా భవనం, మనుషులు ఎక్కడికి వెళ్లారన్నదే ముఖ్యం.

టొయోటా ఇందుకు గొప్ప ఉదాహరణ. జర్మనీలోని కొలోన్‌లో ఛాసిస్, ఇంజిన్ రెండూ తానే తయారుచేసుకుంటూ 2002 నుంచి 2009 వరకు ఫార్ములా వన్‌లో పోటీపడిన ఆ కంపెనీ ఒక్క రేసు కూడా గెలవలేదు. లోతుగా ఉండడం, గెలవడం ఒకటి కాదని ఇంతకన్నా కఠినంగా ఎవరూ నేర్చుకోలేదు. అయితే కొలోన్ కేంద్రాన్ని కంపెనీ మూసివేయలేదు. 2012 నుంచి లె మాన్స్ హైబ్రిడ్ కార్లు అక్కడి నుంచే వచ్చాయి. 2016లో పోటీ ముగియడానికి కొన్ని నిమిషాల ముందు, ఆధిక్యంలో ఉన్న కజుకి నకజిమా కారు శక్తి కోల్పోయి ఆగిపోయింది. 2018లో అదే నకజిమా సహచరులతో కలిసి గెలిచారు, 2022 వరకు టొయోటాయే వరుసగా ఐదు సార్లు గెలిచింది. అలాగే, ఇదే కంపెనీ 1995లో కాటలున్యా ర్యాలీలో టర్బో గాలి నియంత్రకాన్ని నియమవిరుద్ధంగా మార్చినందుకు ప్రపంచ ర్యాలీల నుంచి ఏడాది నిషేధానికి గురైంది. న్యాయమైన అంచనాలో రెండూ ఉండాలి.

షోరూములో చిహ్నాలను చదవడం

ఇక్కడ చెప్పవలసింది తక్కువ. హ్యుందాయ్‌లో ఎన్ అనే కార్లకు, ఎన్ లైన్ అనే కార్లకు తేడా ఉంది. మొదటివాటిలో ఇంజిన్, బ్రేకులు, సస్పెన్షన్ మారతాయి, రెండవవాటిలో ఎక్కువగా మారేది రూపం. ఆడిలో ఎస్ లైన్, బీఎండబ్ల్యూలో ఎం స్పోర్ట్ ప్యాకేజీలు కూడా ఇదే కోవలోవి. స్పెసిఫికేషన్ల పట్టికను మామూలు మోడల్ పట్టిక పక్కన పెట్టి, ఇంజిన్ శక్తి, బ్రేకు డిస్క్ పరిమాణం, బరువు, గేర్ నిష్పత్తులు పోల్చండి. అంకెలు అన్నీ ఒకటే అయితే మీరు కొంటున్నది బంపరు, కుట్టుపని, చిహ్నం. నచ్చితే అవీ కొనవచ్చు, తెలిసి కొంటే చాలు.

2026 మీద ఈ కొలమానాన్ని ప్రయోగిస్తే

ఫార్ములా వన్‌లో 2026 నుంచి వచ్చిన ఇంజిన్ నియమాలు విద్యుత్ శక్తి వాటాను దాదాపు సగానికి పెంచాయి, సుస్థిర ఇంధనాన్ని తప్పనిసరి చేశాయి. కంపెనీలు ఇందువల్లే ఆకర్షితమయ్యాయి. ఆడి సాబర్ జట్టును కొనుక్కుంది, ఇంజిన్‌ను జర్మనీలోని న్యూబర్గ్‌లో తానే తయారుచేస్తోంది: ఇది పూర్తి వర్క్స్ ప్రయత్నం, ఓటమి బాధ్యత అంతా దానిదే. 2021 చివర వెళ్లిపోతున్నానని చెప్పిన హోండా, ఆ తర్వాత కూడా ఇంజిన్లు సమకూరుస్తూనే ఉండి, ఇప్పుడు ఆస్టన్ మార్టిన్‌తో జతకట్టింది: ఛాసిస్ వేరేవారిది, ఇంజిన్ మాత్రం పూర్తిగా తనది. ఫోర్డ్ రెడ్ బుల్ సొంత ఇంజిన్ సంస్థతో భాగస్వామి అయింది. అక్కడ రూపకల్పన కేంద్రం మిల్టన్ కీన్స్‌లో రెడ్ బుల్ అధీనంలో ఉంది కాబట్టి, ఏయే భాగాల పని ఫోర్డ్ ఇంజినీర్లు చేస్తున్నారో విడిగా చూడాలి. క్యాడిలాక్ పదకొండవ జట్టుగా ప్రవేశించింది, కారు తనదే కానీ ఇంజిన్ ఫెరారీ నుంచి వస్తోంది. మాతృసంస్థ జనరల్ మోటార్స్ 2029కి సొంత ఇంజిన్ తయారుచేయాలని ప్రణాళిక వేసుకుంది. ఆ ఇంజిన్ వచ్చేదాకా క్యాడిలాక్ పట్టికలో ఇంజిన్ గడిని ఫెరారీ పేరుతోనే నింపాలి.